అటకెక్కిన టేపులు: చూడకుండా పారేయొద్దు, చెరపకుండా వదలొద్దు

సర్వర్ రూము ఖాళీ చేసే రోజున అందరి చూపూ ర్యాకుల మీదే ఉంటుంది. యూపీఎస్ ఎవరికి, స్విచ్‌లు ఎక్కడికి, కేబుళ్లు ఎంత తూగుతాయి అని లెక్కలు నడుస్తుంటాయి. ఆ హడావుడిలో బీరువా అడుగు అరలోంచి రెండు మూడు అట్టపెట్టెలు బయటపడతాయి. విప్పి చూస్తే అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ డబ్బాలు. వాటి మీద వెలిసిపోయిన చేతిరాత: "మార్చి నెలాఖరు", "పేరోల్ ఫుల్", "తియ్యొద్దు". రాసిన మనిషి ఉద్యోగం మాని పదేళ్లయి ఉంటుంది. నేను బ్యాకప్‌ల పనిలో ఉన్న రోజుల్లో ఇలాంటి పెట్టెలను ఒకటికి నాలుగు ఆఫీసుల్లో చూశాను. ఒకచోట వాటిని పాత కీబోర్డులతో కలిపి కిలోల లెక్కన పాత సామాను కొనేవాళ్లకు తూచి ఇచ్చేశారు. "బరువు తూగేవి ఇవే కదా సార్" అన్నాడు స్టోర్స్ చూసే కుర్రాడు. తప్పు అతనిది కాదు. అవి ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. ఆ టేపుల్లో ఏముందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

టేపు అనగానే పాటల క్యాసెట్లు గుర్తొచ్చి, "అవి ఇంకా ఉన్నాయా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఉన్నాయి. 1951లో యూనివాక్ కంప్యూటరుకు లోహపు టేపు వాడారు. మరుసటి ఏడాది ఐబీఎం తన 726 డ్రైవుతో అర అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ టేపును తెచ్చింది. పళ్లేలంత రీళ్లు పోయి అరచేతి డబ్బా వచ్చింది 1984లో, ఐబీఎం 3480తో. అందులో పట్టేది 200 మెగాబైట్లు. ఇప్పుడు బ్యాంకుల్లో, టెలికాం కంపెనీల్లో, సినిమా పోస్ట్ ప్రొడక్షన్ సంస్థల్లో ఎక్కువగా కనిపించేది ఎల్‌టీఓ రకం. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీఓలో 100 గిగాబైట్లు పట్టేవి. 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లు పడతాయి. వెడల్పు మాత్రం నేటికీ ఆ అర అంగుళమే.

అర మీద ఉన్న టేపుకు కరెంటు అక్కర్లేదు. నెట్‌వర్కుతో సంబంధం ఉండదు కాబట్టి రాన్సమ్‌వేర్ దాని జోలికి రాలేదు. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మంది మెయిళ్లు కనపడకుండా పోతే, గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. సరిగా దాచిన టేపుకు తయారీదారులు చెప్పే ఆయుష్షు 30 ఏళ్లు. ఒక ఆఫీసులో ఉద్యోగి గానీ, సర్వరు గానీ, సాఫ్ట్‌వేరు గానీ అన్నాళ్లు ఉండడం అరుదు. టేపును చదివే డ్రైవు పోతుంది, రాసిన సాఫ్ట్‌వేర్ పోతుంది, సంగతి తెలిసిన మనిషి వెళ్లిపోతాడు. రాత మాత్రం అలాగే ఉంటుంది. పాత టేపులను వదిలించుకోవడం అన్న ప్రశ్న మొత్తం ఇక్కడి నుంచే పుడుతుంది.

ఈ ప్రశ్న మీద ఇప్పటికి ఉన్న ప్రమాణాలూ, పద్ధతులూ, జరిగిన నష్టాలూ కలిపి చూస్తే రెండు రకాల తప్పులు కనిపిస్తాయి. ఉంచవలసింది చూడకుండా పోగొట్టుకోవడం ఒకటి. చెరపవలసింది చెరపకుండా బయటికి పోనివ్వడం రెండోది.

మొదటి తప్పుకు అందరికీ తెలిసిన ఉదాహరణ నాసాది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు నేరుగా అందిన నాణ్యమైన వీడియో సంకేతాలు టెలిమెట్రీ టేపుల మీద రికార్డయ్యాయి. ఇంట్లో టీవీల్లో జనం చూసింది దాన్ని మార్చి ప్రసారం చేసిన మసక బొమ్మ. ఆ అసలు టేపుల కోసం ఏళ్ల తరబడి వెతికి, 2009లో నాసా తేల్చి చెప్పింది: టేపుల కొరత ఉన్న కాలంలో వేలాది ఇతర టేపులతో పాటు వాటినీ చెరిపి మళ్లీ వాడేసుకున్నారు. దొంగలు ఎత్తుకుపోలేదు, మంటల్లో కాలిపోలేదు. డబ్బాలో ఏముందో చూడకుండా, ఖాళీ టేపు కావాలి కాబట్టి చెరిపేశారు.

దీనికి ఎదురుగా లూనార్ ఆర్బిటర్ కథ నిలుస్తుంది. 1966, 67ల్లో చంద్రుడి చుట్టూ తిరిగి ఫొటోలు తీసిన ఆ నౌకల టేపులు సుమారు 1,500 మిగిలాయి. వాటిని చదివే యాంపెక్స్ డ్రైవులను నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఉద్యోగిని పారేయనివ్వకుండా ఏళ్లపాటు తన ఇంటి గ్యారేజీలో కాపాడింది. 2008లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో, మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్ భవనంలో కొద్దిమంది కూర్చుని ఆ డ్రైవులను బాగుచేసి, టేపులు చదివి, చంద్రుడి అంచున భూమి కనిపించే ఫొటోను మునుపెన్నడూ లేనంత స్పష్టంగా బయటికి తీశారు. టేపు ఒక్కటీ మిగిలితే చాలదని, దాన్ని చదివే డ్రైవు కూడా బతికి ఉండాలని ఆవిడకు ముందే తెలుసు.

రెండో తప్పుకు ఉదాహరణలు ఇంకా ఎక్కువ. 2005 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో పెద్ద సంస్థల బ్యాకప్ టేపులు వరసగా మాయమయ్యాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా పోగొట్టుకున్న టేపుల్లో సుమారు 12 లక్షల మంది ప్రభుత్వోద్యోగుల కార్డు వివరాలున్నాయి. సిటీ ఫైనాన్షియల్ కొరియర్లో పంపిన టేపులు దారిలో పోతే 39 లక్షల మంది ఖాతాదారులకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. 2011లో టెక్సస్‌లో ఒక ఉద్యోగి కారులోంచి టేపులు దొంగలు పట్టుకుపోతే, సైనిక కుటుంబాలకు వైద్యం అందించే ట్రైకేర్ పథకంలోని 49 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ దొంగకు కావలసింది కారులో ఉన్న మరేదో వస్తువు కావచ్చు. కానీ టేపులో ఏముందో, అది ఎవరి చేతికి చేరిందో తెలియనప్పుడు సంస్థ చేయగలిగింది అందరికీ క్షమాపణ చెప్పుకోవడమే.

అందుకే పారేసే పని పరీక్షతో మొదలవ్వాలి. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఆఫీసుల్లో పూర్తిగా ఎగిరిపోయే మెట్టు ఇదే.

డబ్బాను చేతిలోకి తీసుకోగానే మొదట చేయవలసింది దాని అంచున ఉన్న చిన్న మీటను తాళం గుర్తు వైపు జరపడం. అప్పుడు డ్రైవులో పెట్టినా పొరపాటున రాత పడదు. తర్వాత స్టిక్కరు చూడాలి. ఎల్‌టీఓ బార్‌కోడులో సాధారణంగా ఎనిమిది అక్షరాలుంటాయి. మొదటి ఆరు ఆ టేపు నంబరు, చివరి రెండు తరాన్ని చెబుతాయి: ఎల్5 అంటే ఐదో తరం, ఎల్6 అంటే ఆరో తరం. సీఎల్ఎన్ అని మొదలైతే అది డ్రైవులో టేపును చదివే హెడ్‌ను శుభ్రం చేసే టేపు, అందులో డేటా ఉండదు. చేతిరాతను మాత్రం నమ్మకూడదు. "ఖాళీ" అని రాసి ఉన్న టేపుల్లో ఏడాది జీతాల పట్టీలు దొరకడం నేను చూశాను.

ఇక డబ్బా ఒళ్లంతా చూడాలి. అతుకుల దగ్గర పగులుందా, మెల్లగా ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందా, పక్క తలుపు తీసి చూస్తే టేపు కొసన ఉండే లీడర్ పిన్ తన చోట ఉందా. కింద పడిన టేపులో ఆ పిన్ను జారిపోవడం, చుట్ట అంచులు నలగడం మామూలు. తెల్లగానో బూడిద రంగులోనో బూజు కనిపిస్తే ఆ డబ్బాను వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి సంచిలో కట్టాలి. బూజు పట్టిన టేపును, పగిలిన టేపును బాగున్న డ్రైవులో పెడితే హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టే మంచి టేపులకూ చేటే. దీర్ఘకాలం దాచడానికి తయారీదారులు చెప్పే వాతావరణం 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ. విశాఖలోనో కాకినాడలోనో ఏసీ లేని గోడౌనులో నాలుగు వానాకాలాలు గడిపిన పెట్టె ఆ హద్దుల్లో ఉండే అవకాశమే లేదు. గోడౌను నుంచి తెచ్చిన టేపును ఒక రోజంతా డ్రైవున్న గదిలోనే ఉంచి, ఆ గది చల్లదనానికి అలవాటు పడ్డాకే లోపల పెట్టాలి.

1970, 80ల నాటి రీళ్ల సంగతి వేరు. అయస్కాంతపు పొడిని ప్లాస్టిక్కు అంటిపెట్టే జిగురు తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. తిప్పితే టేపు హెడ్‌కు అతుక్కుని, పొడి ఊడి వచ్చేస్తుంది. అలాంటివాటిని 50 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి జాగ్రత్తగా వెచ్చబెడితే కొన్ని వారాల పాటు మళ్లీ చదవడానికి వీలవుతుంది. ఆలోపే కాపీ తీసుకోవాలి. ఇది అనుభవమున్న వాళ్లు చేయవలసిన పని. వంటింటి ఓవెన్‌లో ప్రయత్నించి రీళ్లు పోగొట్టుకోవద్దు.

ఎల్‌టీఓ డబ్బాలో ఒక మూల చిన్న చిప్ ఉంటుంది. రేడియో తరంగాలతో చదివే ఈ చిప్‌లో టేపు తయారీ నంబరు, ఎన్నిసార్లు డ్రైవులోకి ఎక్కింది, ఎంత డేటా రాశారు, చివరిసారి ఏయే డ్రైవుల్లో తిరిగింది అన్న చరిత్ర ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన పేరూ, టేపు పేరూ అందులో రాసి పెట్టే వీలుంది. టేపును తిప్పకుండానే ఇంత సమాచారం దొరకడం పరీక్ష చేసేవాళ్లకు పెద్ద వరం. పారేసేటప్పుడు అదే చిప్‌ను మరిచిపోవడం పెద్ద పొరపాటు, దాని సంగతి తర్వాత చెబుతాను.

లోపలున్నది చదవాలంటే తగిన డ్రైవు కావాలి. ఏడో తరం దాకా ఎల్‌టీఓ డ్రైవు తన వెనక రెండు తరాల టేపులను చదివేది. ఎనిమిదో, తొమ్మిదో తరాల్లో ఆ సౌకర్యం ఒక్క తరానికి తగ్గింది. అంటే ఐదో తరం టేపుల పెట్టె దొరికిన ఆఫీసులో ఎనిమిదో తరం డ్రైవు మాత్రమే ఉంటే, ఆ పెట్టె వాళ్లకు మూసిన పెట్టే. డ్రైవు మార్చే రోజునే పాత టేపుల సంగతి తేల్చాలని అనేది ఇందుకే. పాత డ్రైవును అమ్మేశాక పరీక్ష చేయాలంటే బయటి సంస్థకు డబ్బు కట్టాలి, డేటాను వాళ్ల చేతిలో పెట్టాలి.

ఇంకో మెలిక. ఒక బ్యాకప్ నాలుగు టేపుల మీద సాగి ఉండొచ్చు. ఒకే టేపులో పది సర్వర్ల డేటా ముక్కలు ముక్కలుగా కలిసిపోయి ఉండొచ్చు. ఆదివారం తీసిన పూర్తి కాపీ లేకపోతే, మిగతా ఆరు రోజుల్లో మార్పులు మాత్రమే తీసిన కాపీలతో సర్వర్‌ను పూర్తిగా తిరిగి తేలేం. కాబట్టి ఉంచాలా పారేయాలా అన్నది టేపు టేపుకు కాకుండా సెట్టు సెట్టుకు తేల్చాలి. ఆ తేల్చే మనిషి కంప్యూటర్ విభాగం వాడు ఒక్కడే అయితే చాలదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యానికి సంబంధించినవైతే గడువుతో పని లేకుండా ఉంచాలి. అకౌంట్స్ వాళ్లూ, లీగల్ వాళ్లూ సంతకం పెట్టని టేపు చెరపకూడదు.

మన దగ్గర ఈ జాగ్రత్త విలువ తెలిసిన చోట్లున్నాయి. షాద్‌నగర్ కేంద్రంలో 1979 నుంచి ఉపగ్రహాల డేటా అందుకుంటున్నారు. 1988లో ఐఆర్ఎస్ 1ఎ ఎగిరిన తర్వాత మన సొంత ఉపగ్రహాల బొమ్మలూ తోడయ్యాయి. ఆ రోజుల్లో అదంతా చేరింది టేపుల్లోకే. నలభై ఏళ్ల కిందటి చెరువు ఎంత వెడల్పుందో ఇవాళ చెప్పాలంటే మళ్లీ వెళ్లి తీయగలిగే ఫొటో కాదది. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం జరిపిన భూకంప తరంగాల సర్వేలదీ అదే తీరు. ఒక్కో సర్వేకు అయ్యే ఖర్చు ముందు టేపు ఖరీదు లెక్కలోకి రాదు. దేశంలోని ఇలాంటి చమురు, గ్యాస్ అన్వేషణ డేటాను ఒకచోట చేర్చడానికి 2017లో నేషనల్ డేటా రిపాజిటరీని మొదలుపెట్టారు. డిజిటల్ కెమెరాతో తీస్తున్న మన సినిమాల అసలు ఫుటేజీ కూడా చాలావరకు ఎల్‌టీఓలకే చేరుతోంది. నెగెటివ్ కాలంలో ల్యాబులో డబ్బా అయినా కంటికి కనిపించేది. ఇప్పుడు నిర్మాత ఆఫీసు మారితే సినిమా మొత్తం ఒక అట్టపెట్టెతో పాటు పోవచ్చు.

పరీక్ష అయింది, పనికిరావని తేలింది. ఇక చెరపడం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకం దీన్ని మూడు మెట్లుగా చూస్తుంది. మామూలు పరికరాలతో మళ్లీ చదవడానికి వీల్లేకుండా చెరపడం మొదటిది. ప్రయోగశాలలో ప్రయత్నించినా రాకుండా చెరపడం రెండోది. వస్తువునే నాశనం చేయడం మూడోది. ప్రపంచంలో చాలా సంస్థలు ఈ విభజననే అనుసరిస్తున్నాయి. విభజన మంచిదే. దాన్ని ఆచరించే తీరులోనే లోపాలున్నాయి.

అన్నింటికన్నా ఎక్కువ మోసపుచ్చేది "ఎరేజ్" అనే బటన్. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో త్వరగా అయ్యే ఎరేజ్ నొక్కితే టేపు మొదట్లో "ఇక్కడితో డేటా అయిపోయింది" అని ఒక గుర్తు పడుతుంది, అంతే. మామూలు డ్రైవు ఆ గుర్తు దాటి చదవదు. దాని వెనక వందల మీటర్ల టేపు మీద పాత రాత అలాగే ఉంటుంది. దాన్ని దాటించి చదివే పనిముట్లు డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరుంటాయి. పేరు మార్చి లేబుల్ రాయడమూ ఇంతే. మొత్తం టేపు మీద కొత్త డేటా రాస్తే చెరిపినట్టే కానీ దానికి పట్టే సమయం చూడండి. ఐదో తరం టేపులో 1.5 టెరాబైట్లు, డ్రైవు వేగం సెకనుకు 140 మెగాబైట్లు, అంటే ఒక్కోదానికి సుమారు మూడు గంటలు. ఎనిమిదో తరానికి తొమ్మిది గంటలు దాటుతుంది. అయిదు వందల టేపులున్న ఆఫీసులో ఒక్క డ్రైవుతో రాత్రింబగళ్లు చేసినా ఐదో తరానికే రెండు నెలలు. మధ్యలో చెడిపోయిన టేపు ఆగిపోతే అది సగమే చెరిగినట్టు. ఒకసారే రాయగలిగే వార్మ్ రకం టేపుల మీద తిరిగి రాయడం అసలు కుదరదు. మామూలు టేపును సంస్థ లోపలే మళ్లీ వాడుకోవాలంటే, మొత్తం టేపు మీద తిరిగి రాసే ఈ పద్ధతి సరిపోతుంది. గేటు దాటించే టేపుకు దీన్నొక్కదాన్నే నమ్మడం తప్పు.

డీగాసింగ్ అంటే బలమైన అయస్కాంత క్షేత్రంతో రాతను ఒక్క దెబ్బతో చెదరగొట్టడం. క్షణాల్లో అవుతుంది, వార్మ్ టేపునూ చెరుపుతుంది. అయితే చెరిపే యంత్రం బలం టేపు మొండితనానికి తగ్గట్టుండాలి. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఓర్‌స్టెడ్‌లలో చెబితే, పాత ఐరన్ ఆక్సైడ్ టేపులు 300 దగ్గర లొంగేవి. 3480 కాలపు క్రోమియం డయాక్సైడ్ టేపులకు 500 పైన కావాలి. ఎల్‌టీఓ టేపులు రెండు వేల దరిదాపుల్లోనో ఆ పైనో గాని కదలవు. పాతకాలం డీగాసర్‌లో ఎల్‌టీఓ టేపు పెట్టి తీసి "చెరిగింది" అని రాసుకోవడం ఆత్మవంచన. ఫ్రిజ్ అయస్కాంతం, స్పీకర్ అయస్కాంతం సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎల్‌టీఓ టేపు మీద ఫ్యాక్టరీలోనే దారి చూపే సర్వో గీతలు రాసి పంపుతారు. డీగాసింగ్ చేస్తే డేటాతో పాటు ఆ గీతలూ పోతాయి. మళ్లీ రాయడం మామూలు డ్రైవు వల్ల కాదు. ఆ టేపు ఇక దేనికీ పనికిరాదు. దీని నుంచి రెండు విషయాలు తేలతాయి. బజారులో "సర్టిఫై చేసిన పాత ఎల్‌టీఓ" అని అమ్మే టేపు డీగాసింగ్ అయినది కాదు, అందులో పాత యజమాని డేటా ఎంత మిగిలిందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత టేపులు కొనేవాళ్లకు అమ్మితే మన డేటాకూ అదే గతి. రెండోది, డీగాసింగ్ జరిగిందో లేదో టేపును డ్రైవులో పెట్టి తేల్చుకోలేం. డ్రైవు చదవను అంటే సర్వో గీతలు పోయాయని తెలుస్తుంది కానీ డేటా పూర్తిగా పోయిందనడానికి అది రుజువు కాదు. రుజువు యంత్రం దగ్గర వెతకాలి: క్షేత్ర బలాన్ని మీటరుతో ఎప్పటికప్పుడు కొలిచారా, ఆ కొలత రాసి పెట్టారా అని. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ యంత్రం దరిదాపులకు రానివ్వకూడదు. డబ్బా మూలనున్న చిప్‌కు ఈ అయస్కాంతం ఏమీ చేయదు. టేపు చెరిగినా దాని పేరూ చరిత్రా చిప్‌లో మిగులుతాయి.

ఎన్‌క్రిప్షన్ ఉన్న టేపులకు ఇంకో మార్గముంది. నాలుగో తరం ఎల్‌టీఓ నుంచి డ్రైవే డేటాను 256 బిట్ల ఏఈఎస్‌తో మార్చి రాయగలదు. కీ టేపులో ఉండదు, వేరే సర్వర్‌లో ఉంటుంది. ఆ కీని నాశనం చేస్తే టేపు ఏ దేశంలో ఎవరి దగ్గరున్నా అర్థం లేని అంకెల మూటే. పోయిన టేపును, ఎక్కడుందో తెలియని టేపును కూడా చెరపగల పద్ధతి ఇదొక్కటే. కానీ కీకి ఎన్ని కాపీలున్నాయో, ఆ కీ సర్వర్ బ్యాకప్ మరో టేపులో ఉందేమో తెలియాలి. చాలా ఆఫీసుల్లో ఆ లెక్క లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 వచ్చాక ఈ పద్ధతి అవసరం మరీ పెరిగింది. పని తీరిపోయిన వ్యక్తిగత సమాచారాన్ని చెరపాలని చట్టం చెబుతోంది. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. టేపు మధ్యలోంచి ఒక్క మనిషి వివరాలు తీసేయడం సాధ్యం కాదు. గడువుకో కీ చొప్పున వాడి, గడువు తీరాక ఆ కీని తీసేయడమే నాకు కనిపిస్తున్న దారి. ఇవాళ రాసే టేపుల నుంచే దాన్ని మొదలుపెట్టాలి.

చివరిది ముక్కలు చేయడం. దీనిమీద జనానికున్న నమ్మకం అంతా ఇంతా కాదు, ముక్కలు కళ్లకు కనిపిస్తాయి కదా. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 21964 అయస్కాంత మాధ్యమాలకు టీ1 నుంచి టీ7 దాకా మెట్లు పెట్టింది. టీ2లో ముక్క 2,000 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు. టీ3లో 320, టీ5లో 30, టీ7లో 2.5. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిదో తరం ఎల్‌టీఓ టేపు పొడవు 960 మీటర్లు, వెడల్పు 12.65 మిల్లీమీటర్లు, పట్టేది 12 టెరాబైట్లు. భాగిస్తే ఒక్క చదరపు మిల్లీమీటరుకు దాదాపు ఒక మెగాబైట్ వస్తుంది. మొదటి తరంలో అదే చోట పట్టింది 13 కిలోబైట్లు. అంటే టీ3 ప్రకారం తుంచిన ఒక్క ముక్క మీద నేడు 300 మెగాబైట్లకు పైగా రాత మిగిలి ఉంటుంది. దాన్ని చదవడం తేలిక కాదు. ట్రాకులు టేపు పొడవునా సాగుతాయి, డేటా చెల్లాచెదురుగా ఉంటుంది, తునకను పట్టుకుని తిప్పే డ్రైవు లేదు. అయినా ముక్క సైజు మారకుండా ముక్క మీద రాత డెబ్బై రెట్లకు పైగా పెరిగినప్పుడు ఆ పాత సైజును నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. పైగా కిలోమీటరు పొడవున్న సన్నని పొర మామూలు ష్రెడ్డర్ ఇరుసులకు చుట్టుకుపోతుంది, ముక్కలు కాకుండా పోగులుగా బయటపడుతుంది. టేపుల కోసం చేసిన యంత్రమే కావాలి.

ఆఫీసు పెరట్లో తగలబెట్టడం మాత్రం ఎవరూ చేయొద్దు. పాలికార్బొనేట్ డబ్బా, పాలిస్టర్ పొర, లోహపు పొడి, కొన్ని పాత టేపుల్లో క్రోమియం. ఆ పొగ పీల్చేది పక్కన నిలబడ్డ కూలీ. చుట్ట లోపలి పొరలు గాలి తగలక కాలకుండా మిగిలిపోతాయి కూడా. కాల్చాలంటే అనుమతి ఉన్న దహన కేంద్రంలోనే కాల్చాలి. ఈ-వ్యర్థాల నియమాలు 2022 ప్రకారం రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదై ఉండాలి. తుంచిన ముక్కలైనా అలాంటివాళ్లకే ఇవ్వాలి.

బయటి సంస్థకు ఇచ్చి చేతులు దులుపుకోవడమూ కుదరదు. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన పాత సర్వర్లనూ హార్డ్ డిస్కులనూ తొలగించే పనిని సామాన్లు తరలించే ఒక సంస్థకు అప్పగించింది. డేటా నాశనంలో ఆ సంస్థకు అనుభవమే లేదు. కొన్ని పరికరాలు ఖాతాదారుల డేటాతోనే ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో మరో మూడున్నర కోట్ల డాలర్లు జరిమానా పడింది. మన దగ్గర ఇచ్చే సర్టిఫికెట్లు చాలావరకు "ఇన్ని కిలోలు నాశనం చేశాం" అని ఒక్క వాక్యంలో ఉంటాయి. కిలోలతో పనేముంది? ఏ నంబరు టేపు, ఏ రోజు, ఏ యంత్రంలో, ఎవరి ఎదుట అన్నది ఉండాలి. మనం పంపిన జాబితాతో అది ఒక్కో నంబరూ సరిపోవాలి. ఒక్క టేపు తక్కువైనా పని ఆగాలి.

ఇవన్నీ తూచి నా అభిప్రాయం చెబుతాను. సంస్థ దాటి బయటికి పోయే టేపుకు ఏ ఒక్క పద్ధతీ చాలదు. చదివి, తేల్చి, నంబరు రాసుకుని, మన ఆవరణలోనే మన కళ్ల ముందే తగిన బలమున్న డీగాసర్‌తో చెరిపి, ఆ తర్వాతే చిప్‌తో సహా ముక్కలు చేయించాలి. వరస కూడా ఇదే ఉండాలి. చెరిపిన టేపు దారిలో పోయినా నష్టం లేదు. చెరపకుండా పంపిన టేపు పోతే చేయగలిగిందేమీ ఉండదు. డీగాసర్ కొనే స్తోమత లేని చిన్న ఆస్పత్రులు, సహకార బ్యాంకులు అద్దెకు యంత్రాన్ని తమ దగ్గరికే రప్పించుకోవచ్చు. నాలుగైదు సంస్థలు కలిసి ఒక రోజు పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

మీరు పనిచేసే చోట అలాంటి అట్టపెట్టె ఉందేమో ఈ వారమే చూడండి. ఉంటే ఎవరికీ ఇవ్వకండి, ఎక్కడికీ పంపకండి. ఒక రిజిస్టరు తెరిచి, మొదటి టేపు మీద మీట జరిపి, దాని ఎనిమిది అక్షరాలూ రాయండి.